ఈసారి మా ఇంటి వంతు

నవంబర్ 2, ఆదివారం

చర్చి అయ్యాక దేవమణి ఆంటీ మెట్ల దగ్గర పట్టుకుంది. ఈ శుక్రవారం కూటం మీ ఇంట్లోనే సూసన్, అమ్మ పోయాక ఒక్కసారీ ప్రార్థన పెట్టుకోలేదు కదమ్మా అంది. సరేనండి అనేశాను. నా నోరు పడిపోను.

ఒట్టి ప్రార్థనైతే భయమేముంది? పాతికమంది వస్తారు. ఒకప్పుడు టీ, బిస్కెట్లతో సరిపోయేది. పోయిన వారం రోజారమణి ఇడ్లీ, వడ పెట్టి ఆఖర్న ఐస్‌క్రీమ్ కూడా ఇచ్చింది.

నవంబర్ 4, మంగళవారం

స్కూలు జీతం పడింది. అద్దె, కరెంటు, గ్యాస్, అమ్మ ఆపరేషన్‌కి తీసుకున్న లోన్ ఈఎంఐ. ఫోన్‌లోనే కట్టుకుంటూ పోయాను. టీ చల్లారేలోపు అయిపోయింది. ఎనిమిది వందల నలభై మిగిలింది. నెలంతా పాలు, కూరలు, రీఛార్జ్ అందులోనే. జగ్గయ్యపేటలో అందరూ నన్ను మేడమ్ అంటారు.

అమ్మ ఉన్నప్పుడు నాన్న పెన్షన్ ఆమెకు వచ్చేది. ఆమెతోపాటే ఆగిపోయింది. ఇప్పుడు అమ్మను తలుచుకుంటే ముందు పెన్షన్ గుర్తొస్తోంది. ఇంత సిగ్గుమాలిన ఏడుపు ఎవరైనా ఏడుస్తారా!

నవంబర్ 5

సెలవు. పొద్దున్నించి ఇంట్లో నేనొక్కదాన్నే.

నవంబర్ 6

మా ఇంట్లో వద్దని చెప్పేద్దామని ఆంటీకి ఫోన్ చేశాను. ఎత్తగానే, చాపలు నేను తెస్తాలే, నువ్వు హడావిడి పడమాకు అంది. సరేనండి అని పెట్టేశాను.

నవంబర్ 7, శుక్రవారం, సాయంత్రం 6

స్కూలు నుంచి వచ్చి, వంటింటి తలుపు గడియ తీసి పెట్టి, ముందు తలుపుకి బయట తాళం వేశాను. సందులోంచి వెనక్కి వెళ్ళి వంటింటి తలుపులోంచి దూరాను. దొంగలా, నా ఇంట్లోకే. లైటు వేయలేదు, ఫోన్ వెలుగులో రాస్తున్నాను. రేపు అడిగితే, నందిగామలో పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదంటే వెళ్ళానని చెప్తాను.

వస్తున్నారు.

రాత్రి 8

తాళం వేసుందేంటి అని ఎవరో అన్నారు. ఫోన్ చేద్దామా అని రోజారమణి అంది. ఆంటీ వద్దంది. ఇక్కడే కూర్చుందాం, చాపలేయండి అంది.

అమ్మకి ఇష్టమైన పాట ఎత్తుకున్నారు. రోడ్డు మీద సిమెంటు లారీ పోయినప్పుడల్లా పాట వినపడేది కాదు. తలుపుకి ఇవతల నేల మీద కూర్చుని నేనూ పాడాను, గొంతు బయటకు రాకుండా. అమ్మ పోయాక మా ఇంటికి ఇంతమంది రావడం ఇదే మొదటిసారి. లేచి తలుపు తట్టాలనిపించింది. తట్టలేదు.

ఈ ఇంట్లో ఉన్న బిడ్డని ఒంటరిగా వదిలిపెట్టకు ప్రభువా అని ఆంటీ ప్రార్థన చేసింది. ఆమెన్ అని లేచి వెళ్ళిపోయారు.

చాలాసేపటికి చుట్టూ తిరిగి ముందుకు వచ్చాను. నా చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. అలవాటుగా అక్కడే విడిచేసి, వట్టికాళ్ళతో వెనక్కి వెళ్ళానన్నమాట. చెప్పుల్లేకుండా నందిగామ ఎవరు పోతారు? అందరూ చూసే ఉంటారు.

చెప్పుల పక్కన ఆంటీ ఫ్లాస్కు ఉంది. టీ ఇంకా వేడిగానే ఉంది.

నవంబర్ 9, ఆదివారం

ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ అనేది. అర లీటరు పాలు తెచ్చి ఫ్లాస్కు నిండా టీ పోశాను. ఎక్కడికెళ్ళావమ్మా అని ఆంటీ అడిగితే, ఇంట్లోనే ఉన్నానండి అని చెప్తాను.