సైరన్ మోగినప్పుడు నిలబడే జాగ

గోదావరిఖని,
మే నెల, 2012.

ఏరియా జనరల్ మేనేజర్ గారి సముఖమునకు, తుమ్మలగుట్ట కాలనీ క్వార్టర్లలో నివాసముంటూ బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు నడిపే కార్మికుడు గుండేటి రాయమల్లు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కాలనీ ఖాళీ జాగలో తలపెట్టిన ఇండోర్ క్రీడా శిక్షణ కేంద్రం పనులు నిలుపుదల చేయుట, లేనిచో సైరన్ వేళ కాలనీవాసులు నిలబడుటకు వేరొక చోటు చూపుట గురించి.

1. మా క్వార్టర్ల వెనుక ఉన్న జాగను నకశాలో 'నిరుపయోగ స్థలం' అని చూపినట్లు తెలిసినది. అది నిరుపయోగం కాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఓపెన్‌కాస్టు బొగ్గుగని మా దిక్కుకు జరిగినప్పటి నుండి రోజూ మధ్యాహ్నం అందులో పెట్టే పేలుడుకు ముందు సైరన్ మోగుతున్నది. మోగగానే పొయ్యి ఆర్పి, పిల్లలను, ముసలివారిని వెంటబెట్టుకొని ఆ జాగలోకి వచ్చి నిలబడతాము. భూమి అదురుతుంది. ఇండ్లలో గిన్నెలు కదిలిన చప్పుడు బయటికి వినబడుతుంది. గోడల బీటల నుండి సున్నం రాలుతుంది. రెండో సైరన్ మోగిన తరువాత ఎవరి ఇంట్లోకి వారు పోతాము. ఇట్లు చేయమని మాకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఒకరిని చూసి ఒకరం అలవాటు పడ్డాము. నిరుడు సకల జనుల సమ్మెలో బాయిలు నిలిచినన్నాళ్లు మాత్రమే మా ఆడవాళ్లు మధ్యాహ్నం పూట కుదురుగా అన్నం తిన్నారు.

2. మా పక్క క్వార్టరులో సారలమ్మ అనే వృద్ధురాలు, ఆమె కొడుకు నర్సింగం ఉంటారు. ఆమెకు పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినవి. సైరన్ మోగితే ఆమెను మంచంతో సహా మోసుకొని రావలసి ఉంటుంది. నర్సింగం డ్యూటీలో ఉన్నప్పుడు ఆ పని ఇరుగుపొరుగు చేస్తారు. "ఇడిసిపెట్టుండ్రి బిడ్డా, ఎన్నొద్దులని మోస్తరు నన్ను" అని ఆమె అంటుంది. అయినను ఒక్కనాడు కూడా ఆమెను ఇంట్లో విడిచిపెట్టలేదు.

3. శిక్షణ కేంద్రం కడతామని కంపెనీ అధికారులు మా కాలనీకి వచ్చి చెప్పిన రోజున అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. నా కూతురు జమున ఇంటర్మీడియట్ చదువుతున్నది, షటిల్ ఆడుతుంది. రెండు గుంజలకు తాడు కట్టి, దాని మీద వాళ్లమ్మ పాత చీర వేసి, ఆ జాగలోనే నేర్చుకున్నది. శిక్షణకు తీసుకునే మొదటి జట్టులో ఆమె పేరు వచ్చినది. ఆ సాయంత్రం నేను బాయి నుండి వచ్చి చెప్పులు విడువక ముందే, "బాపూ, లోపల గాలి ఉండదట. షటిల్ కొట్టినకాడికే పోతదట" అన్నది. ఆ సంతోషంలో, హాలు సరిగ్గా మేము నిలబడే చోటనే లేస్తుందన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

4. ముగ్గు పోసి కొలతలు వేసిన తరువాత కాలనీవాసులం కలిసి సివిల్ ఇంజనీరు సుబ్రహ్మణ్యం గారి వద్దకు పోయినాము. వారు మమ్ములను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, మేము చెప్పినదంతా విన్నారు. కొన్నాళ్లకు మళ్లీ పోయినాము.

"మీరు చెప్పింది నేను రాసి పైకి పంపానండి రాయమల్లు గారూ. సైరన్ టైములో జనం హాల్లోకి వచ్చి నిలబడొచ్చని పైనుంచి రాసి పంపారు" అన్నారు.

నర్సింగం అడిగాడు: "పైకప్పు మీద పడుతదనే బయటికొస్తున్నం సారూ. మళ్ల ఇంకో కప్పు కిందికి ఎట్ల పోవాలె?"

సుబ్రహ్మణ్యం గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. "మా అమ్మాయి అనూహ్య కూడా మీ జమునతోనే ఆడుతుందండి. కట్టొద్దని ఇంట్లో చెప్పలేను, కట్టనివ్వమని మీకు చెప్పలేను. ఫైలు నా చేయి దాటిపోయింది" అన్నారు. ఆయన మాకు అపకారం చేయలేదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.

5. తరువాత జరిగినది. ఆ రోజు నేను బాయి లోపల ఉన్నాను గనుక నా భార్య పూలమ్మ చెప్పినది రాస్తున్నాను. ఉదయం కాంట్రాక్టరు మనుషులు వచ్చి జాగ చుట్టూ రేకులు కట్టి పోయినారు. మధ్యాహ్నం సైరన్ మోగినది. అందరూ అలవాటు ప్రకారం అటే ఉరికినారు. రేకుల దగ్గర వాచ్‌మన్ నిలబడి, లోపలికి విడవడానికి తనకు ఆర్డరు లేదన్నాడు. "ఏంది గిది, ఎటు పోవాలె మరి" అని పూలమ్మ అడిగితే, "నాకేం దెల్సు అక్కా, నేను నిన్ననే పనిల చేరిన" అన్నాడు. అతని మాట కూడా నిజమే. వెనుదిరిగి, రెండు వరుసల క్వార్టర్ల నడుమనున్న సందులో నిలబడినారు. సారలమ్మ మంచానికి తల దిక్కు నర్సింగం, కాళ్ల దిక్కు నా కూతురు ఉన్నారు. సందు ఇరుకు గనుక మంచం దించడానికి వీలు కాక చేతుల మీదనే పట్టుకున్నారు. భూమి అదిరినది. పై సజ్జ విరిగి జమున కుడి భుజం మీద పడినది. మంచం వదిలి ఒక్క అడుగు వెనుకకు వేసి ఉంటే తగలకపోయేది. ఆమె వదలలేదు. పూలమ్మ వచ్చి మంచం అందుకున్న తరువాతనే కింద కూర్చున్నదట.

నేను పైకి వచ్చేసరికి కాలనీ కాలనీ అంతా దవాఖాన దగ్గర ఉన్నది. "నీ బిడ్డకేం గాలే, పానానికి ఫికర్ లేదు" అని ఎదురువచ్చి చెప్పినారు. ప్రాణానికి ఏమీ కాలేదు. భుజానికి రాడ్డు వేసినారు. మళ్లీ ఆడుతుందా అని అడిగితే డాక్టరమ్మ, "ముందు చెయ్యి పైకి లేవనివ్వండి" అన్నది. కుడిచేయి అయ్యా. ఆమె కుడిచేతి వాటం మనిషి.

6. న్యాయం కొరకు తిరిగినాను. సజ్జ మరమ్మతు వేరే సెక్షన్ అన్నారు. రేకులు కాంట్రాక్టరువి అన్నారు. పేలుడు అనుమతి ప్రకారమే జరిగినదని ఓపెన్‌కాస్టు వారు కాగితం చూపినారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందుచేత ఎవరితో కొట్లాడాలో నాకు తెలియకుండా పోయినది. బాయిలో నీళ్లు పెరిగితే పంపు వేస్తాను, అది నాకు తెలిసిన పని. ఇక్కడ ఏది వేయాలో చెప్పేవారు లేరు.

7. ప్రస్తుతం సైరన్ మోగితే మేము లారీలు తిరిగే మెయిన్ రోడ్డు మీద నిలబడుతున్నాము. సారలమ్మ రాదు. "నా కొరకు ఆడివిల్ల చెయ్యి పాయె. ఇగ నన్ను ముట్టకుండ్రి" అని ఎడమచేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకొని ఏడుస్తుంది. నర్సింగం తల్లిని విడిచి రాలేక లోపలనే ఆమె పక్కన కూర్చుంటున్నాడు. రెండో సైరన్ మోగే దాకా మేమందరం రోడ్డు మీద నుండి వాళ్ల తలుపు వైపు చూస్తూ నిలబడతాము.

8. కావున ఏలినవారు దయతలచి హాలు పనులు నిలుపుదల చేయించగలరని, లేదా దానిని వేరొక జాగకు మార్చగలరని, ఏదీ వీలు కానిచో సైరన్ మోగే వేళకైనా రేకులలో మంచం పట్టేంత తోవ తీయించగలరని ప్రార్థన. మా గోడు చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

తమ విధేయుడు,
గుండేటి రాయమల్లు,
తుమ్మలగుట్ట కాలనీవాసుల తరఫున.

తా.క. పైన రాసినది ఇంట్లో చదివి వినిపించినాను. విన్న తరువాత జమున, "హాలు బంద్ వెట్టుమని రాసినవా బాపూ" అని అడిగినది. రాసిన బిడ్డా అన్నాను. వాళ్లమ్మకు కోపం వచ్చి, "గింత అయినంక గూడ నీకు హాలు గావాల్నా" అన్నది. పిల్ల గోడ దిక్కు తిరిగి పడుకొని, "చెయ్యి మంచిగయ్యేదాంక నా పేరు కొట్టెయ్యొద్దని గూడ ఒక్క మాట రాయి" అన్నది. కావున శిక్షణకు ఎంపికైన మొదటి జట్టులో గుండేటి జమున పేరును దయచేసి తీసివేయవద్దని మనవి.

హాలు వద్దని ఒకటి, హాలులో నా బిడ్డకు చోటు ఉంచమని ఒకటి, ఈ రెండూ ఒకే అర్జీలో ఇమడవని నాకు తెలుసు. ఏదో ఒకటి కొట్టివేద్దామని కూర్చున్నాను గాని చేయి రాలేదు. తాము మొదటిది మంజూరు చేస్తే నా బిడ్డకు నేను నచ్చజెప్పుకుంటాను. రెండవది మంజూరు చేస్తే సారలమ్మకు ఏమని చెప్పాలో తామే సెలవియ్యండి.