వాగులో నీ తెల్లచీర

మార్తా, నువ్వు పోయి ఏడాది నిండిన ఆదివారమే మన సారాకు బాప్తిస్మం ఇప్పించాను. నువ్వు తీసుకున్న వాగులోనే, నీ తెల్లచీర కట్టించి.

పాస్టరుగారు ముందు దిగి చచ్చిన చేపలను కర్రతో పక్కకు తోశారు.

"జర పైకి పోదామా అయ్యగారూ?" అన్నాను.

"పైనంత మిల్లు జాగనే. గేటుల రానిస్తరా?" అన్నారాయన.

సారా మునిగి లేచేసరికి చీరంతా నీలంగా మారింది.

"నాయినా, ఉతికితె పోతదా?"

"పోతది బిడ్డా" అన్నాను. అది ముందురోజు మిల్లులో నేను రంగు తొట్టి కడిగి వాగులోకి వదిలిన నీలమే.

ఉతికిన చీర దండెం మీద ఇంకా నీలంగానే ఉంది. పిల్ల ఒళ్లు గోక్కుంటూ కూర్చుంది. పొయ్యి మీద గంజి ఆ మిల్లు కూలితో కాచిందే.

మిల్లు కూత వేసింది. పోవాలి మార్తా. ఇవాళ ఎరుపు తొట్టి కడగాలి.