నారింజలు కాశాయన్నాను

ఫిబ్రవరి 6, 1951. బోస్టన్.

హోటల్లో వేరే పేరుతో దిగాను. మా వృత్తిలో ఇది మామూలే. న్యూయార్క్ చేరకముందు ఇలా పైఊళ్లో ఆడే మ్యూజికల్, అంటే పాటల నాటకం, తడబడితే, ప్రొడ్యూసర్ గుట్టుగా ఒక డాక్టర్ని పిలిపిస్తాడు. డాక్టరంటే రిపేరు రచయిత. ప్రోగ్రాంలో పేరుండదు. అసలు రాసినవాడికి చెప్పరు. ఇదివరకు రెండు చేశాను, సిగ్గేమీ పడలేదు.

ఈసారి రాసింది ఎమిల్ లాక్‌మన్ గారు. నాకు రాయడం నేర్పినాయన. నా మొదటి రెండు షోలూ ఆయన పక్కన కూర్చుని రాసినవే. తర్వాత నేను సినిమాలకు వెళ్లిపోయి పదకొండేళ్లు. ప్రొడ్యూసర్ థాయర్ ట్రంక్‌కాల్లో ఆ పేరు ఎత్తలేదు. రైలు దిగాక చెప్పాడు. తిరుగు రైలెక్కొచ్చు. ఎక్కలేదు.

ఫిబ్రవరి 7

మ్యాట్నీ చూశాను, బాల్కనీ చివర, టోపీ కళ్ల మీదికి లాక్కుని.

సెకండ్ యాక్ట్‌లో ముసలి పడవ కెప్టెన్ చనిపోయిన భార్య టోపీతో ఆరు నిమిషాలు మాట్లాడతాడు. పాట లేదు. జనం ఒకటే దగ్గులు. ఒకావిడ కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. నీలం టోపీ, పక్కన చెర్రీపళ్ల గుత్తి. అది లాటీ గారి టోపీ, ఎమిల్ గారి భార్యది. మూడేళ్లు ఆవిడ చేతి వంట తిన్నాను. ఆవిడ పోయినప్పుడు పూలు పంపి ఊరుకున్నాను, వెళ్లలేదు.

ఆ సీను పీకేసి నావికుల డాన్స్ పెట్టవయ్యా, లేకపోతే షో ఇక్కడే చస్తుంది అంటాడు థాయర్. వాడి మాటే కరెక్టు. అదే నా ఏడుపు.

ఫిబ్రవరి 8

రాసేశాను. మూడు గంటల్లో నాలుగు పేజీలు. బాగా వచ్చాయి. ఛీ.

ఫిబ్రవరి 9

పేజీలు తానే రాశానని చెప్పి థాయర్ ఎమిల్ గారికి ఇచ్చాడట. రచయిత సంతకం పెట్టనిదే ఒక్క మాట మార్చకూడదని మా సంఘం రూలు. ఆయన రెండుసార్లు చదివి, చూద్దాంలే అని జేబులో పెట్టుకున్నారట.

నువ్వు ఫోన్ చెయ్యి క్లిఫ్, నీ మాటంటే ఆయనకి గురి అంటాడు థాయర్. కాలిఫోర్నియా నుంచి చేస్తున్నట్టు చెయ్యాలట. సిగ్గులేదురా నీకు అన్నాను. నీకుందా మరి అన్నాడు.

ఫిబ్రవరి 10

చేశాను. ఆయన హోటల్ ఇక్కడికి ఆరు వీధులు.

ఏరా, అక్కడ ఎండగా ఉందా అని అడిగారు. నా కిటికీ బయట మంచు కురుస్తోంది. బ్రహ్మాండంగా ఉందండీ అన్నాను. తోటలో నారింజలు కాశాయని కూడా అన్నాను, ఎవరడిగారని! నాకు తోటెక్కడిది? మూడో అంతస్తులో అద్దెకుంటాను.

లాటీ సీను తీసెయ్యమంటున్నార్రా, నువ్వేమంటావ్ అన్నారు. షో బతకాలంటే కోతలు తప్పవని మీరే కదండీ నేర్పింది అన్నాను. ఆయన మాటనే ఆయన మీదికి విసిరాను. తర్వాత, ఇంకేమైనా చెప్పాలా నువ్వు అని అడిగారు. ఏమీ లేదండీ అన్నాను. సరే, ఒళ్లు జాగ్రత్త అని పెట్టేశారు.

ఫిబ్రవరి 12

ఇంకా సంతకం పెట్టలేదు. రెండుసార్లు ఆయన హోటల్ దాకా నడిచి వెనక్కి వచ్చాను.

ఫిబ్రవరి 13

పెట్టారు.

ఫిబ్రవరి 17

డాన్స్ పెట్టారు. హాలు దద్దరిల్లిపోయింది. వెనక నిలబడి ఎమిల్ గారు కూడా చప్పట్లు కొట్టారు. పక్కకు తప్పుకున్నాను. నన్ను నేను నాలుగు తన్నాలనిపించింది.

మార్చి 9. న్యూయార్క్.

షో హిట్. పేపర్లన్నీ ఆ డాన్స్ సీనునే పొగిడాయి, ఎమిల్ గారి పేరు పెట్టి. అభినందించడానికి కాలిఫోర్నియా నుంచి వచ్చినవాడిలా ఆయన ఇంటికి వెళ్లాను. లాటీ గారి నీలం టోపీ మళ్లీ కొక్కేనికి చేరింది.

కాఫీ ఇచ్చి, నా నాలుగు పేజీలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ప్రతి పేజీ అడుగునా వేలు పెట్టి చూపించారు. "కంటిన్యూడ్" అని ఉంది. సినిమా స్క్రిప్టుల్లో అలా వేస్తాం. నాటకాలవాళ్లెవరూ వెయ్యరు. పదకొండేళ్ల అలవాటు, వేళ్లు వాటంతటవే టైపు చేసేశాయి.

సినిమావాడని దీంతో తెలిసింది, ఎవడో మొదటి జోకుతో తెలిసింది, ఆ జోకు కట్టడం నేర్పింది నేనేగా అన్నారు. మరి సంతకం ఎందుకు పెట్టారండీ అన్నాను.

సీను పోవాల్సిందేరా, ఆ మాత్రం నాకు తెలీదా అన్నారు. నీ ఫోన్ ట్రంక్‌కాల్ కాదని అప్పుడే తెలిసింది, ఊళ్లోనే ఉన్నావు, వచ్చి చెబుతావని మూడు రోజులు చూశాను, లాటీ సీను నీకు కాక ఇంకెవడికిస్తాను, ముఖం చూపించి అడిగితే నేనే కొట్టేసి ఇచ్చేవాణ్ణి కదరా అన్నారు.

క్షమించమని అడగకుండానే కప్పు కింద పెట్టాను. లేచాను. తలుపు దగ్గర భుజం తట్టి, మీ తోట నారింజలు పంపించరా, మర్చిపోకు అన్నారు.

మార్చి 20. లాస్ ఏంజెలెస్.

నర్సరీలో నారింజ మొక్క కొని బాల్కనీలో కుండీలో పెట్టాను. కాయడానికి నాలుగేళ్లు పట్టొచ్చన్నాడు నర్సరీవాడు. ఎమిల్ గారికి డెబ్బై తొమ్మిది.