శనివారం తొమ్మిదికి, హాలు ముందు

బుధవారం, మధ్యాహ్నం

నా బంగారు నాన్నకి,

నీకు ఫోన్ చేస్తే నీ ఊపిరి నేను, నా ఊపిరి నువ్వు వినడం తప్ప ఇంకేమీ ఉండటం లేదు. అందుకే రాస్తున్నాను. పక్షవాతం నీ మాటనీ కుడి చేతినీ పట్టుకుపోయింది గానీ కళ్ళు బాగానే ఉన్నాయిగా, చదువుకో. ఓపిక లేకపోతే ఆసుపత్రిలో సిస్టర్ రుమెనా చదివి పెడుతుంది. ఆవిడ నిన్న నాకు అంతా చెప్పేసింది. సూపు తెస్తే మొహం గోడవైపు తిప్పుకుంటున్నావట. వ్యాయామానికని వేడినీళ్ళ తొట్టిలోకి దింపబోతే మంచం కడ్డీ పట్టుకుని వదల్లేదట. "అమ్మాయ్, మందులైతే మేం ఇస్తాం. మీ నాన్నకి బతకాలని లేదు, అది మేమెక్కణ్ణించి తేవాలి?" అంది.

ఎందుకిలా అయ్యావో నాకు తెలుసు. హాలు సంగతి ఏ పుణ్యాత్ముడో నీ చెవిన వేసి ఉంటాడు. అవును, నిజమే. నువ్వు జీవితమంతా బాస్కెట్‌బాల్ నేర్పిన ఆ హాలుని మునిసిపాలిటీ వాళ్ళు టైర్ల గోదాముకి ఇచ్చేస్తారట. మేయర్ సావా దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. పిల్లలే రాని హాలుకి కొత్త పైకప్పు వేయించి ఏం చేసుకోమంటావమ్మా అన్నాడు. వస్తారని చూపిస్తే అన్నాను. చూపించు చూద్దాం అని కాఫీ చప్పరించాడు. అందుకని ఈ శనివారం ఒక్కరోజు శిబిరం పెడుతున్నాను, ఊళ్ళో పిల్లలందరికీ, ఉచితంగా, నీ పేరు మీద. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆటలు, పందేలు, నవ్వులు, మధ్యాహ్నం రొట్టెలో కాల్చిన మాంసం. మన బళ్ళో క్లాసు క్లాసుకీ వెళ్ళి చెప్పాను. వ్యాయామం టీచర్ని కదా, పిల్లలు నా మాట వింటారు. పిల్లలొస్తారు నాన్నా. వాళ్ళని ఆడించేవాళ్ళే లేరు.

నీ దగ్గర ఆట నేర్చుకున్న ప్రతివాడి గడపా తొక్కాను. అందరూ కాఫీ పోశారు, అందరూ రామన్నారు. ఓబ్రెన్ బస్సు నడుపుతున్నాడుగా, స్టాండులో పట్టుకుని అడిగితే స్టీరింగ్ మీంచి చెయ్యి కూడా తియ్యలేదు. "అక్కా, నువ్వంటే గౌరవం. ఆయన మాత్రం మా అమ్మ ఎదురుగా నన్ను గాడిదా అన్నాడు. చచ్చినా ఆ హాల్లో అడుగుపెట్టను" అన్నాడు. మందుల షాపు దానిత్సా అయితే, మీ నాన్న ఈల ఇప్పటికీ కల్లోకొచ్చి ఉలిక్కిపడి లేస్తున్నాను అంది. ఒక్కరోజు, ఒక్క పూట అని బతిమాలాను. ఇంతమందిని ఇంత నొప్పించి ఎలా పడుకునేవాడివి నాన్నా?

ఇది రాయకూడదనుకున్నాను గానీ కలం ఆగడం లేదు. నన్నూ నొప్పించావు. నా పదిహేడో ఏట నన్ను జట్టులోంచి తీసేసి నా చోటు దానిత్సాకి ఇచ్చావు. ఎందుకో చెప్పలేదు. ఇంటికొచ్చి చిక్కుడు గింజల కూర తిని పడుకున్నావు. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళయినా ఆ ముల్లు తియ్యలేదు. అయినా నీ కోసమే వీధులు పట్టుకు తిరుగుతున్నాను, ఎందుకంటే ఆ హాలు పోతే నువ్వు ఇంటికి తిరిగి రావు. అది నాకు ఖాయంగా తెలుసు. శనివారం గనక నవ్వులపాలైతే హాలు తాళాలు మునిసిపాలిటీ బల్ల మీద పడేసి వచ్చేస్తాను, ఇక నా వల్ల కాదు.

ఒక్క పోస్టర్ల పని మాత్రం సాఫీగా జరిగింది. ప్రింటింగ్ జివాన్ డబ్బులొద్దన్నాడు. నీ ఫోటో ఇచ్చాను. రేపు పొద్దున్నే అతికిస్తాడు.

సూపు తాగు నాన్నా.

నీ లుబింకా


ఆదివారం

నాన్నా,

కంగారు పడకు. ఊళ్ళో వాళ్ళ లెక్కలో నువ్వు చచ్చిపోయావు.

జివాన్ కొన్నేళ్ళుగా చావు కబుర్లు తప్ప ఏమీ అచ్చు వెయ్యడం లేదని నాకెలా తెలుస్తుంది? మిషన్‌లో ఉన్న చట్రంలోనే నిన్నూ పెట్టేశాడు. చుట్టూ నల్ల అంచు, మధ్యలో నీ ఫోటో. దాని కింద నేను రాసిచ్చిన ముక్కలే: "మన కోచ్ రాతోమిర్ పేరిట, శనివారం తొమ్మిదికి హాలు ముందు కలుద్దాం. ఆయన శిష్యులు." పిల్లల శిబిరం సంగతి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పైగా అతికించింది ఎక్కడ? ఎప్పుడూ అతికించే స్తంభాల మీదే, కిందటి వారం పోయినవాళ్ళ కాగితాల మీద. మనవాళ్ళు నల్ల అంచు చూస్తే పేరూ టైమూ చదువుకుని, శిలువ గుర్తు వేసుకుని పోతారు. అడుగున ఏముందో ఎవడు చూస్తాడు. నేనేమో హాల్లో నేల తోముతూ కూర్చున్నాను. ఇంటి గుమ్మం ముందు కాఫీ పొట్లాలూ చక్కెర పెట్టెలూ కనబడితే పాపం శిబిరానికి ఇచ్చారనుకుని లోపల పెట్టుకున్నాను. పరామర్శకి తెచ్చినవని బుర్రకి తట్టలేదు.

శనివారం తొమ్మిదికి తలుపు తీస్తే ఒక పక్క నిక్కర్లలో పిల్లలు, ఇంకో పక్క నల్ల సూట్లలో పెద్దలు. పూలదండల చక్రాలు, కొవ్వొత్తులు, పోయినవాళ్ళ పేరిట పంచే ఉడకబెట్టిన గోధుమల పళ్ళేలు. వాన మొదలైంది. అందరూ నన్ను కావలించుకుంటూ లోపలికొచ్చేసి చక్రాలన్నీ నేల మీద పెట్టారు. నాకు నోరు పెగిలేలోపే సావా గొంతు సవరించుకున్నాడు. "ఈ హాలు రాతోమిర్‌ది. నేను కుర్చీలో ఉన్నంతకాలం దీని మీద ఎవడూ చెయ్యి వెయ్యడు" అన్నాడు. అందరూ విన్నారు. ఆ తర్వాత ఓబ్రెన్ ముందుకొచ్చాడు, ముక్కు ఎర్రగా ఉంది. "కోచ్ ఒకసారి నాతో అన్నాడు. మీరెవరూ మా లుబింకా కాలి గోటికి సరిపోరు, కూతుర్ని ఆడిస్తున్నాడని నలుగురూ అంటారని భయపడి తీసేశాను, అన్నాడు."

అప్పుడైనా నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు నాన్నా. ఇంకొంచెం విందామని నిలబడిపోయాను. ఇన్నేళ్ళు ఆకలితో ఉన్నదానికి అన్నం పెడుతుంటే వద్దనడానికి నోరు రాలేదు. స్తానా పిన్ని నీ ఆత్మశాంతికని ఆచారం ప్రకారం సారా సీసా నేల మీద వంచబోయింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎంతసేపు ఊరుకునేదాన్నో. "పిన్నీ, చెక్క నేల మీద పొయ్యకు, నాన్న చూస్తే నన్ను చంపేస్తాడు" అనేశాను.

"ఎవరు చంపేది?" అన్నాడు ఓబ్రెన్.

చెప్పేశాను. ఎంత తిట్టారనుకున్నావు. మూడు రోజుల నుంచి ఏడుస్తున్నానే, నా ఏడుపు ఎవడు తిరిగిస్తాడే నాకు, అని స్తానా పిన్ని మీదికొచ్చింది. సావా గొడుగు తీసుకుని తలుపు వైపు నడిచాడు. మిగతావాళ్ళూ కదిలారు. పరిగెత్తి ఓబ్రెన్‌కి అడ్డం నిలబడ్డాను. "బతికున్నవాడి కోసం రానన్నావు, చచ్చినవాడి కోసం వచ్చావు. ఎలాగో వచ్చావుగా, బూట్లు విప్పు. పిల్లలు చూస్తున్నారు" అన్నాను. నా గొంతు నాకే నీ గొంతులా వినబడింది. వాడు వంగి బూట్లు విప్పాడు. వాడు విప్పాడని దానిత్సా విప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ.

నాన్నా, నువ్వుండి చూడాల్సింది. నల్ల సూట్లలో, మేజోళ్ళతో, పెద్దవాళ్ళు జారిపడుతుంటే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నీ పూలదండల చక్రాల మధ్య నుంచే బంతి కొడుతూ మెలికలు తిరిగారు. స్తానా పిన్ని నీ గోధుమలు పిల్లలకి దోసిళ్ళలో పోసింది. సాయంత్రమైనా ఒక్కరూ ఇంటికి పోలేదు.

కానీ అందరూ వెళ్ళాక సావా మళ్ళీ వచ్చాడు. పిల్లలు హాలు నిండా వచ్చారు కదా, చూశావుగా అన్నాను. ఒక్కరోజు పండక్కి ఎవరైనా వస్తారన్నాడు. మరి అందరి ముందూ ఇచ్చిన మాట సంగతేమిటని అడిగాను. "అది చచ్చినవాడికిచ్చిన మాటమ్మా. బతికున్నవాడికి చెల్లదు. ఒకటో తారీఖున టైర్లు దిగుతాయి, తాళాలు తెచ్చిచ్చెయ్" అన్నాడు. అక్కడే చక్రాల పక్కన కూలబడి ఏడ్చాను. ఇంక నా దగ్గర ఏమీ మిగల్లేదు. తాళాలు ఇచ్చేస్తాను నాన్నా, నన్ను క్షమించు. ఒక్కటి మాత్రం అడగనీ. పోయినవాళ్ళ గురించి అందరూ మంచే చెబుతారు. ఓబ్రెన్ చెప్పింది నిజమేనా? అవునంటే రుమెనా చెయ్యి ఒకసారి నొక్కు, నాకు కబురు చేస్తుంది.

నీ లుబింకా


గురువారం

అమ్మా లుబింకా,

ఎడమ చేత్తో రాస్తున్నా. కాగితం కదలకుండా రుమెనా పట్టుకుంది. చెయ్యి నొక్కితే అబద్ధమవుతుంది, అందుకే రాయాల్సొచ్చింది.

ఓబ్రెన్‌తో నేను ఆ మాట అనలేదు. ఎవరితోనూ అనలేదు. ఆ ఏడు దానిత్సా నీకంటే బాగా ఆడింది. అందుకే తీశాను. ఆ ముక్క ఇంటికొచ్చి నీకు చెప్పాల్సింది. ధైర్యం చాలక తిని పడుకున్నాను. కుళాయి చప్పుడు వినబడింది. నిద్ర పట్టలేదు.

ఆటలో నువ్వు మామూలు పిల్లవే. కానీ నన్ను తిట్టుకునేవాళ్ళని ఆపి, నా హాల్లో పిల్లల్ని నవ్వించావు. నేను అరిచి తరిమేసేవాణ్ణి. నువ్వు చేసిన పని నాకు ఒక్కరోజు కూడా చేతకాలేదు. ఈ మాట చచ్చినవాడి గురించి చెబుతున్నది కాదు.

పొద్దున సూపు తాగాను. ఉప్పు లేదు. తొట్టిలోకి కూడా దిగాను. నడవడానికి చాలా రోజులు పడుతుందంటున్నారు. అంతదాకా ఆగను, చక్రాల కుర్చీలో తీసుకెళ్ళు.

తాళాలు ఎవరికీ ఇవ్వకు. ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చెయ్. బీరువాలో పై అరలో, నన్ను పూడ్చేటప్పుడు తొడగమని మీ అమ్మ ఉన్నప్పుడే మడతపెట్టిన సూటుంది, అది తీసుకురా. అది తొడిగి హాలు గుమ్మంలో కూర్చోబెట్టు. సావా చచ్చినవాడికేగా మాటిచ్చింది. వచ్చి నా మీంచి టైర్లు దింపుకోమను.

నీ నాన్న