తమ్ముడి గాలం కర్ర

ఖరగ్‌పూర్,
20-6-66.

చెల్లి సూసన్నకు,

మీ ఇంటిల్లిపాదినీ దేవుడు చల్లగా చూడాలని కోరుతూ పెద్దక్క రాయునది.

సెలవు మీద వాల్తేరు వస్తున్న నూకయ్యగారి చేత పొడుగాటి మూట పంపుతున్నాను. అది తమ్ముడి గాలం కర్ర, దారం చుట్టే రీలుతో సహా. వానలు పడేదాకా నీ దగ్గర దాచు.

ఇక్కడ జూన్ సగం దాటినా చినుకు లేదు. కాసాయి ఏరు ఇసకైపోయి ఒక్క మడుగు మిగిలింది. ఒడ్డునున్న ఊరివాళ్ళు తాగేది ఆ నీళ్ళే. తమ్ముడు రోజూ రైల్వే వర్క్‌షాపు డ్యూటీ నుంచి రాగానే అందులో మోకాలిలోతు దిగి, ఎరకి బదులు కోడి ఈకతో కట్టిన ఉత్తుత్తి ఈగను గాలానికి తగిలించి విసురుతున్నాడు. చేపలు ఊపిరాడక నోళ్ళు పైకి పెడుతుంటే, తన ఈగకే లేస్తున్నాయని మురిసిపోతాడు. తాగే నీళ్ళు బురదవుతున్నాయని ఊరివాళ్ళు రెండుసార్లు వద్దన్నారు. శనివారం కర్ర లాక్కున్నారు.

"రేపు మా షాపోళ్ళని తీసుకెళ్తాను, ఎవుడు ఆపుతాడో సూస్తాను" అని ఇనప రాడ్డు తీసి గుమ్మం దగ్గర పెట్టినాడు.

ఆదివారం ఆరాధన మానేసి, వాడు లేవకముందే నేను ఆ ఊరు వెళ్ళినాను. ఒక ముసలామె గ్లాసుడు బురద నీళ్ళు చేతికిచ్చి "తాగు దీదీ" అంది. తాగినాను. కర్ర ఇచ్చేసింది. ఆ నీళ్ళే సీసాతో తెచ్చి వాడి కంచం పక్కన పెట్టినాను. "దాహమైతే ఇదే తాగు" అన్నాను.

వాడు అన్నం ముట్టలేదు. షాపువాళ్ళు పిలిస్తే బయటికీ వెళ్ళలేదు. కర్ర నీకు పంపుతున్నానని వాడికి చెప్పినాను.

ఈ ఉదయం రాడ్డు మూలన పెట్టేసి, నా వేపు చూడకుండా, "రీలుకి నూనె పెట్టమని సిన్నక్కకి సెప్పు" అన్నాడు.

వారానికోసారి పెట్టు, చెల్లీ.

నీ పెద్దక్క