టాన్ పలికిన హాజరు

శనివారం రాత్రి, జురాంగ్ వెస్ట్, సింగపూర్

ఇవాళ మా బడిలో పాత విద్యార్థుల సమావేశం. అదే పాడు ఆనవాయితీ. ఒక్కో క్లబ్బు పేరూ దాన్ని నడిపిన మాస్టారే పిలవాలి, అందులో ఉన్నవాళ్లు లేచి "ప్రెజెంట్" అనాలి. ఎవరూ పలక్కపోతే ఆ క్లబ్బు బోర్డు గోడమీంచి దించేస్తారు.

లెక్కల మాస్టారు టాన్ "కంప్యూటర్ క్లబ్" అనగానే సగం హాలు లేచింది. నేను పక్కన కూర్చోబెట్టుకుని నవలలు చదివించిన రాజన్ కూడా లేచాడు. "సారీ సార్, ఇప్పుడు నాదంతా సాఫ్ట్‌వేరే కదా" అన్నాడు నాతో.

నేను నడిపిన ఇంగ్లీషు సాహిత్య క్లబ్బు గది లాక్కుని కంప్యూటర్లు పెట్టించింది ఈ టానే. అందరి ముందూ కడిగేద్దామని నాలుగు మాటలు సిద్ధం చేసుకునే వెళ్లాను.

నా వంతొచ్చింది. పిలిచాను. ఎవరూ కదల్లేదు. మళ్లీ పిలిచాను.

"ప్రెజెంట్ లా!" అని ఇక్కడి యాసలో ఓ కేక.

వెనక వరసలో టాన్ నిలబడ్డాడు. అందరూ నవ్వారు.

"నువ్వెప్పుడు మా క్లబ్బులో ఉన్నావయ్యా?" అన్నాను.

"గదిలో నువ్వు వదిలేసిన పుస్తకాలన్నీ నేనే చదివాను, అప్పారావ్."

బోర్డు నిలిచింది. ఆ నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. అప్పుడు గది తీసుకున్నాడు, ఇవాళ నా కోపం కూడా తీసుకుపోయాడు. ఇక నాకేం మిగిలిందో...