కట్ల గదికి రానివాళ్ళు

మా అక్కకి,

నమస్కారం. నేనిక్కడ క్షేమం. ఈ ఉత్తరం చదవడం అయ్యాక కూడా నువ్వు క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను. ఫోన్ చేస్తే ముందు ఏడుస్తావు, తర్వాత తిడతావు, నేను నోరు తెరిచేలోపు పెట్టేస్తావు. ఉత్తరమైతే విసిరికొట్టినా మళ్ళీ తీసి చదవక మానవు.

విషయం ఏమిటంటే, నేను విమానంలోంచి దూకడం నేర్చుకుంటున్నాను.

కూర్చున్నావా? కూర్చో. నీళ్ళు తాగు.

దీన్ని స్కైడైవింగ్ అంటారు. సగం అయిపోయింది కూడా. మా ఊరి స్కూల్లో పాఠాలు విన్నాను, బల్లమీద బోర్లా పడుకుని చేతులు చాచడం నేర్చుకున్నాను, మాస్టారి పొట్టకి పసిపిల్లాడిలా కట్టించుకుని ఒకసారి దూకాను. దాన్ని దూకడం అనకూడదులే, సామాను దింపడం అనాలి. కిందికొచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. ఇక ఒంటరిగా దూకడం మిగిలింది. ఇంతలో ఆ స్కూలాయన విమానం అమ్మేసుకుని స్కూలుకి తాళం వేశాడు. మిగతా శిక్షణ వేరేచోట పూర్తి చెయ్యాలి.

ఉన్నవి రెండే స్కూళ్ళు, రెండూ మీ ఊరికి దగ్గరే. ఒకటి కొండమీద, ఒకటి అవతల ఇసుక మైదానంలో. వివరాలు పంపమంటే ఇద్దరూ పంపారు. రెండు కాగితాల మీదా ఒకే ఫోటో, ఒకే మనిషి నవ్వుతున్నాడు. ఏది మంచిదో ఎలా తేల్చుకోను? అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఎముకల ఆసుపత్రిలో సిమెంటు కట్లు కట్టేదానివి నువ్వు. ఏ స్కూలు వాళ్ళు నీ దగ్గరికి ఎక్కువ వస్తారో చెప్పు చాలు. నేను రెండోదాంట్లో చేరతాను.

ఇట్లు,
ఇప్పటికి నేలమీదే ఉన్న నీ తమ్ముడు

తా.క.: బావకి చెప్పకు. శవాల వ్యాను నడిపే మనిషి, కొత్త బేరం అనుకుంటాడు.

*

చిరంజీవి తమ్ముడికి,

చిరంజీవి అని అలవాటుకొద్దీ రాశాను. నీ వాలకం చూస్తే ఆ మాట నీకు గిట్టేట్టు లేదు.

బావకి చెప్పొద్దన్నావు. నీ ఉత్తరం తెచ్చిందే ఆయన. గుమ్మంలో నిలబడి చదివేసి, చొక్కా గుండీ ఊడిందన్నంత మామూలుగా "మీవాడు విమానంలోంచి దూకుతాడట" అన్నాడు. నా చేతిలో గ్లాసు జారిపోయింది.

నీకేమైనా బుద్ధుందా? ఇన్నేళ్ళూ నువ్వు ఆకాశమంత బిల్డింగులకి తాళ్ళతో వేలాడుతూ అద్దాలు తుడుస్తుంటే, ఇక్కడ నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను. నీతో పనిచేసే బక్కోడు నీ కళ్ళముందే పడిపోయాడు. ఆ తర్వాత మీ సూపర్‌వైజరు నిన్ను కింది అంతస్తు అద్దాలకి మార్చాడని తెలిసి, ఆయన చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాను. ఇప్పుడు విమానమా? నీకు నడక నేర్పింది నేనురా. నడవమని నేర్పాను గానీ దూకమని కాదు.

ఎలాగూ నా మాట వినవు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. కొండ స్కూలు వాళ్ళు మా కట్ల గదికి ఇంటికొచ్చినట్టు వస్తుంటారు. మడమలు, మోకాళ్ళు, భుజం ఎముకలు. కుంటుకుంటూ, నవ్వుకుంటూ వచ్చి మళ్ళీ ఎప్పుడు దూకొచ్చని అడుగుతారు. మొన్న ఒకడు కట్టు ఆరకముందే దానిమీద స్నేహితులతో సంతకాలు పెట్టించుకుంటుంటే చేతిమీద ఒక్కటిచ్చాను. ఇసుక స్కూలు నుంచి మాత్రం నేను ఈ గదిలో చేరినప్పటి నుంచి ఒక్క మనిషి రాలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన్ని కూడా అడిగాను. ఆయనా చూళ్ళేదట. కాబట్టి ఆ ఇసుక స్కూల్లోనే చేరి చావు.

అసలెందుకురా ఇదంతా? అదొక్కటీ నువ్వు రాయలేదు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: బావ కూడా ఏదో రాస్తానని గొడవ. పెన్ను ఇస్తున్నాను.

బావమరిదీ, నన్నెవరూ అడగలేదు గానీ, ఇసుక స్కూలు వాళ్ళు మీ అక్క గదికి ఎందుకు రారంటే

చాలు. ఆయన గుమ్మడికాయంత అక్షరాలకి ఈ కాగితం సరిపోదు. పెన్ను లాక్కున్నాను.

*

అక్కకి నమస్కారాలు.

ఇసుక స్కూల్లో చేరి చావమన్నావు. చేరడం అయింది.

బావ సగంలో ఆపిన మాట నేనే పూర్తి చేసుకున్నాను. అంత జాగ్రత్తగా నేర్పుతారు కాబట్టి రారు. ఇంకేముంటుంది? నిజంగానే ఇక్కడి మాస్టారు మహా చాదస్తుడు. ముసలాయన. నవ్వడు. ప్యారాచూట్ చక్కగా మడతపెట్టి చూపిస్తే విప్పి మళ్ళీ పెట్టమంటాడు. "నీకు తొందరైతే లిఫ్టులో దిగు" అంటాడు. ఆదివారం పొద్దున నన్ను దూకిస్తాడట.

ఎందుకని అడిగావు. చెబుతాను, ఏడవకు.

ఆ రోజు నేనూ బక్కోడూ పక్కపక్కనే వేలాడుతున్నాం, చెరో తాడు. వాడేదో జోకు చెబుతున్నాడు. వాడి జోకులు నీకు తెలుసుగా, మొదలుపెట్టకముందే వాడు నవ్వేస్తాడు. సగం చెప్పాక తాడు తెగింది. ఆ జోకు చివర ఏమిటో నాకిప్పటికీ తెలీదు.

వాడి భార్య, నేను వదినా అంటాను, ఎక్కడ కనబడ్డా ఒక్కటే అడుగుతుంది. "పడేటప్పుడు మా ఆయన భయపడ్డాడా?" ఏం చెప్పనక్కా? లేదంటే అబద్ధమేమో. అవునంటే ఆవిడ తట్టుకోలేదు. తెలీదంటే, "పక్కనే ఉన్నావుగా" అంటుంది. నిజమే, పక్కనే ఉన్నాను. చూశాను. కానీ వాడికి ఏమనిపించిందో చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడు లేడు. ఆవిడ వీధి చివర కనబడితే నేను పక్క సందులోకి తప్పుకుంటున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అందుకే ఒకసారి పడి చూడాలి. పడి, బతికి, వచ్చి చెప్పే దారి నాకు ఇదొక్కటే కనబడింది. తాడు పట్టుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు పోతుందని దూకడం కూడా కాదు. ఆవిడకి జవాబు చెప్పాలి, అంతే.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: బావకి థాంక్స్ చెప్పు. పాపం, నా గురించి అంతగా ఆలోచించాడు.

*

ఒరేయ్,

చిరంజీవి గిరంజీవి తర్వాత. ముందు ఆ స్కూల్లోంచి బయటపడు.

నీ ఉత్తరంలో ఆ వదిన మాట దగ్గర ఏడ్చాను. ఏడవొద్దని రాస్తే ఏడవకుండా ఉంటానా? బక్కోడి జోకు దగ్గర మళ్ళీ ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని తా.క. చదివాను. బావ నీ గురించి ఆలోచించడమేమిటి? ఆయన నా గురించే ఆలోచించడు.

వెంటనే వెళ్ళి అడిగాను. "ఆ రోజు ఏం రాయబోయావు?" అని. "పెన్ను లాక్కున్నావుగా" అన్నాడు. అంతే, మూతి ముడిచాడు. అప్పటి నుంచి ఇంట్లో ఉలుకూ లేదు, పలుకూ లేదు. బతికున్నవాళ్ళతో మాట్లాడే అలవాటు ఆయనకి మొదటి నుంచీ తక్కువే.

అప్పుడు వెలిగింది నాకు. కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు మా గదికొస్తారు. కట్టు కట్టడానికి కూడా ఏమీ మిగలనివాళ్ళు కింద శవాల గదికి పోతారు, బావ వ్యానులో! ఇసుక స్కూలు వాళ్ళు నా దగ్గరికి ఎందుకు రారో ఆయనకి తెలుసంటే, ఇంకెలా తెలుస్తుందిరా? నా పైప్రాణాలు పైనే పోయాయి. మంచి స్కూలని చెప్పి నా చేతులారా నిన్ను అక్కడికి పంపాను. నా నోరు పడిపోను.

తక్షణం కొండ స్కూలుకి మారిపో. నీ కాలు విరగాలని మనసారా దీవిస్తున్నాను. రెండూ విరగనీ. భుజం విరగనీ. నీ ఒంట్లో ఏ ఎముక విరిగినా నేను కట్టగలను. విరిగి వస్తే చాలు నాయనా, రాకుండా పోకు.

ఫోన్ చేశాను. శిక్షణ అయ్యేదాకా ఎవరి ఫోన్లూ ఇవ్వం, బీరువాలో పెట్టేశాం అన్నారు. మీ మాస్టారిని పిలవమంటే, ఆయన ఏదో మడతపెడుతున్నాడన్నారు.

ఇట్లు,
కాళ్ళూ చేతులూ ఆడని నీ అక్క

తా.క.: ఈ ఉత్తరం అందేలోపు దూకావంటే చంపేస్తాను.

ఇంకో తా.క.: ఆదివారం నాకు డ్యూటీ లేదు. ఊరికే చెబుతున్నాను.

*

అక్కకి,

నీ ఉత్తరం అందింది. కానీ దూకి వచ్చాక అందింది. చంపదలచుకుంటే ఇక నీ ఇష్టం.

విమానం తలుపు తీసేదాకా నాకు ప్రాణం ప్రాణంలో లేదు. మాస్టారు నా ముఖం చూసి "వద్దంటే తలుపు మూసేస్తాను, ఎవరితోనూ చెప్పను" అన్నాడు. ఆ మాట అన్నందుకే దూకాను.

దూకాక భయం లేదక్కా. ఒట్టు. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బుర్రలోకి ఒక్క మాట రాలేదు. నువ్వు కూడా గుర్తు రాలేదు, ఏమీ అనుకోకు. భయపడాలంటే ఏదో ఒకటి ఆలోచించాలి కదా, అక్కడ ఆ తీరికే లేదు. బక్కోడికి నా అంత సమయం కూడా లేదు. వాడు ఆ జోకులోనే ఉండి ఉంటాడు. ఇప్పుడు వదిన కళ్ళలోకి చూసి చెప్పగలను.

కానీ ప్యారాచూట్ విచ్చుకుని మెల్లగా దిగుతున్నప్పుడు కిందికి చూశాను. మైదానం మధ్య ఎవరో వెల్లకిలా పడి ఉన్నారు. కదలడం లేదు. చుట్టూ జనం. పక్కనే నల్లచార వేసిన తెల్ల వ్యాను. బావదే, పైనుంచి కూడా గుర్తుపట్టాను. అప్పుడు వణికాను చూడు, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. గాలికి ఎక్కడో మైదానం అంచున దిగాను. గుడ్డంతా చుట్టుకుని నడిచి వచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయింది. మాస్టారిని అడిగితే "మన పిల్లలు కాదు, నీ ప్యారాచూట్ మడతపెట్టు" అన్నాడు. ఆ తర్వాత నీ ఉత్తరం చేతికిచ్చారు. నువ్వు రాసింది నిజమేనన్నమాట.

ఎవరక్కా ఆ పోయినవాళ్ళు? ఫోన్ రేపుగానీ ఇవ్వరట. బావనడిగి రాయి. వాళ్ళింటివాళ్ళెవరైనా కనబడితే, పడేటప్పుడు భయం ఉండదని నా మాటగా చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నా రెండు కాళ్ళూ బాగున్నాయి. నీ దీవెన ఎవరికో తగిలినట్టుంది.

*

చిరంజీవి తమ్ముడికి,

ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయలేదు.

ఆ పోయినవాళ్ళు నేనేరా.

ఉత్తరం పోస్టు చేశాక కూడా మనసు ఊరుకోలేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. బావ మాట్లాడలేదు గానీ బండి తీశాడు. ఉన్నదదే బండి. మేమొచ్చేసరికి మీ విమానం కదిలిపోతోంది. ఆగమని చేతులూపుతూ ఇసుకలో పడి పరిగెత్తాను. ఎవరో గుంజ పీకిన గుంట ఉంది, అందులో కాలు పడింది. ఫట్‌మంది. ఆ చప్పుడు నాకు కొత్తకాదుగా, ఏ ఎముకో కూడా తెలిసింది.

వెల్లకిలా పడ్డాను. బావ పరిగెత్తుకొచ్చి "కదలకు" అన్నాడు. అలిగాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. ఎత్తబోతే నేనే వద్దన్నాను, వాడు దిగేదాకా ఇక్కడే ఉంటానన్నాను. నువ్వు దూకుతుంటే చచ్చినా చూడకూడదనుకున్నదాన్ని, ఆకాశం తప్ప ఇంకేమీ కనబడకుండా పడ్డాను. ఒక చుక్క రాలింది. అది నువ్వేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గుడ్డ విచ్చుకున్నాక గొల్లుమన్నాను. జనమంతా కాలు నొప్పి అనుకుని జాలిపడ్డారు. దూరంగా నువ్వు లేచి నిలబడటం చూశాకే బండెక్కించమన్నాను. నేల మీద పడి ఉన్న మనిషిని నువ్వు మళ్ళీ దగ్గర్నుంచి చూడకూడదనిపించింది.

ఆసుపత్రి గేటులో వాచ్‌మన్ వ్యాను చూసి ఎప్పటిలాగే టోపీ తీశాడు. నేను వెనకనుంచి లేచి కూర్చుని "కట్ల గదికి" అన్నాను. పాపం, దడుచుకుని సెలవు పెట్టాడట. నాకు పెద్దాయనే కట్టు కట్టాడు. మడమ దగ్గర దూది తక్కువేశాడు, చెబితే వినడు.

ఇక అసలు మాట. పడేవాడికి భయం లేదన్నావు. నమ్ముతాను. ఆ వదినకి వెళ్ళి చెప్పు, సందుల్లోకి తప్పుకోకు. కానీ ఆ భయం ఎక్కడికి పోతుందో నువ్వు రాయలేదు. నేను చెబుతాను. చూసేవాళ్ళకి వస్తుంది. ఆదివారం నీ భయమంతా నాకే వచ్చింది, ఒక్క చుక్క నీకు మిగల్లేదు. ఆ రోజు బక్కోణ్ణి చూసింది నువ్వు. తాడు పట్టుకుంటే నీ చేతులు వణుకుతున్నాయే, అది నీ భయం కాదురా. వాడిది. ఇన్నాళ్ళూ వాడి బదులు నువ్వు మోశావు. వాడి కోసం చెయ్యగలిగింది చేశావు. ఇక దించెయ్యి తండ్రీ.

మళ్ళీ తాడెక్కుతానంటే ఎక్కు. నేను మాత్రం చూడటానికి రాను. కట్టు విప్పాక ఎప్పుడైనా నువ్వే రా, నడిచి రా.

ఇట్లు,
ఇసుక స్కూలు నుంచి కట్ల గదికొచ్చిన మొదటి మనిషి, నీ అక్క

తా.క.: బావమరిదీ, నేను. మీ అక్క లేవలేదు కాబట్టి పెన్ను నా దగ్గరే ఉంది. ఇసుక స్కూలు వాళ్ళు మీ అక్క గదికి ఎందుకు రారంటే, ఆ మైదానం పక్కనే ఇంకో ఆసుపత్రి ఉంది. అంతే. మొన్న ఈవిణ్ణీ అక్కడికే తీసుకెళ్దామన్నాను. పరాయివాళ్ళు కట్టు సరిగ్గా కట్టరని ఒప్పుకోలేదు. ఆ స్కూలు నుంచి నా వ్యానులో ఎక్కింది కూడా ఇప్పటిదాకా మీ అక్క ఒక్కతే. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఆ బండి వెనకనుంచి మాటలు వినబడటం నాకు అదే మొదలు. దారంతా వింటూనే నడిపాను.